శబ్దం కొలిచే ముందు మీటరును సరిచూడండి: సరిహద్దు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో మైకులకు అనుమతులిచ్చే, శబ్దంపై ఫిర్యాదులు విచారించే అధికారులందరికీ,

నమస్కారం.

నేను పర్లాకిమిడి వైపు ఆంప్లిఫయర్లు, మిక్సర్లు, సౌండు బాక్సులు బాగుచేసుకుని బతికే మనిషిని. పెళ్లిళ్ల సీజనులో నాకు నాలుగు డబ్బులు వచ్చేది మైకుసెట్టు వాళ్ల దగ్గరే. కాబట్టి డీజేల మీద కక్షతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దని మనవి. మా వీధివాళ్లం శబ్దం మీద ఫిర్యాదు చేశాం. విచారణ జరిగింది. "హద్దులోనే ఉంది" అని ఒక్క ముక్క రాసి కాగితం మూసేశారు. ఆ కొలత తప్పని కారణాలతో సహా మళ్లీ అర్జీ పెట్టాం, గ్రీవెన్స్‌లో కూర్చున్నాం, రసీదు తప్ప ఏమీ రాలేదు. అందుకే ఇది బహిరంగంగా రాయాల్సి వచ్చింది. ఏ కార్యాలయం, ఏ అధికారి అన్నది చెప్పను. రేపు ఆయన బదిలీ అయి ఇంకొకరు వచ్చినా అదే మీటరు, అదే పద్ధతి.

జరిగింది ఇది. మాఘమాసం పెళ్లి. వీధి చివర ఖాళీ స్థలంలో బాక్సులు పేర్చారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే అధికారి వచ్చారు, అంతవరకు కృతజ్ఞులం. జీపు ఇంజను ఆపలేదు. అద్దం సగం దించి, మీటరు ఉన్న చెయ్యి బయట పెట్టారు. తెర మీద అంకెలు గంతులేస్తున్నాయి: 68, 74, 70, 77, 71. ఆ చివరిది పుస్తకంలో రాసుకుని "75 లోపే ఉంది కదా" అన్నారు. నేను దగ్గరికి వెళ్లి చూశాను. మైక్రోఫోను మీద ఉండాల్సిన నురుగు టోపీ లేదు. బ్యాటరీ గుర్తు మిణుకుమిణుకుమంటోంది. వెనక అంటించిన క్యాలిబ్రేషన్ (మీటరును సరిచూసిన) స్టిక్కరు మీద గడువు ఎప్పుడో దాటిపోయింది. "క్యాలిబ్రేటర్ తెచ్చారా సార్?" అని అడిగాను. "కంపెనీలోనే చేసి పంపారు కదా" అన్నారు. జీపు వెళ్లాక పాటలు పదకొండున్నర దాకా మోగాయి.

ఇందులో మొదటి తప్పు మీటరుది కూడా కాదు, లెక్కది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. వ్యాపార ప్రాంతానికి 65, 55. పారిశ్రామిక ప్రాంతానికి 75, 70. నిశ్శబ్ద మండలానికి 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. బహిరంగ స్థలంలో మైకు పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం, ఆ ప్రాంతపు హద్దు కంటే 10 డెసిబెళ్లు ఎక్కువ, లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. మా వీధి నివాస ప్రాంతం. 55కు 10 కలిపితే 65. అంటే మాకు వర్తించేది 65, 75 కాదు. 75 అనేది బజారు వీధికి వచ్చే అంకె. ఆయన రాసుకున్న 71 నిజమే అనుకున్నా అది ఉల్లంఘనే! "ఏది తక్కువైతే అది" అన్న ముక్క ఒక్కటి చదవకపోవడం వల్ల జిల్లా మొత్తానికి 75 అనే అంకె పాకిపోయింది. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, మైకుసెట్టు యజమానులతో సహా.

రెండోది. రాత్రి 10 దాటాక మీటరుతో పనే లేదు. మూసి ఉన్న హాళ్ల లోపల తప్ప, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు, ఆంప్లిఫయర్లు వాడకూడదని నియమం. రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించిన పండుగ రోజుల్లో అర్ధరాత్రి 12 వరకు సడలించవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకూడదు. సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులోనూ రాత్రి పది గంటల ఆంక్షను గట్టిగానే నిలబెట్టింది. అలాంటిది పదకొండు గంటలకు ఫోన్ చేస్తే "మీటరు వేరే ఊరు వెళ్లింది, రేపు చూద్దాం" అంటే ఏమనుకోవాలి? పది దాటాక కావాల్సింది గడియారం.

ఇక అసలు విషయానికి, అంటే మీటరుకు వస్తాను. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటితే ఆ కొట్టువాడికి జరిమానా వేస్తారు. ఒక మనిషి నిద్రను, ఇంకో మనిషి జీవనాధారాన్ని తేల్చే మీటరుకు ఆ మాత్రం ముద్ర అక్కర్లేదా?

క్యాలిబ్రేటర్ అంటే మీటరును సరిచూసే, అరచేతిలో ఇమిడే గొట్టం. మీట నొక్కితే లోపల 1000 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా 94 డెసిబెళ్ల స్వరం పుడుతుంది. కొన్నింటిలో 114 కూడా ఉంటుంది. చుట్టూ గోల ఉన్నచోట 114 వాడటం మేలు, బయటి శబ్దం లోపలికి చొరబడినా లెక్క చెడదు. పని చాలా చిన్నది. మీటరు ఆన్ చేసి ఒక నిమిషం ఆగాలి. బ్యాటరీ చూసుకోవాలి. నురుగు టోపీ తీసి, మైక్రోఫోనును గొట్టంలో చివరికంటా, వంకర లేకుండా దించాలి. సగం దించితే గాలి సందు ఉండిపోయి అంకె తప్పు చూపిస్తుంది. తెర మీద 94.0, లేదా ఆ మోడలు పుస్తకంలో రాసిన అంకె రావాలి. కాస్త తేడా ఉంటే చిన్న స్క్రూతోనో మెనూలోనో సర్దాలి. ఒకేసారి రెండు డెసిబెళ్ల తేడా కనిపిస్తే మాత్రం స్క్రూ జోలికి పోకండి. మైక్రోఫోనుకు దెబ్బో తేమో తగిలిందని అర్థం, దాన్ని లాబుకు పంపాలి. కొలత అయిపోయాక మళ్లీ ఇదే పరీక్ష చేసి, మొదటి అంకెకూ ఇప్పటి అంకెకూ అర డెసిబెల్ కంటే ఎక్కువ తేడా వస్తే ఆ కొలత పక్కన పడేయాలి. మొత్తం ఐదు నిమిషాల పని.

అర డెసిబెల్‌కు ఇంత రాద్ధాంతమా అని అడగవచ్చు. డెసిబెల్ మామూలు అంకె కాదండి. 3 పెరిగితే శబ్ద శక్తి రెండింతలు, 10 పెరిగితే పదింతలు. మీటరు 3 తక్కువ చూపిస్తోందంటే, 500 వాట్లు వాడాల్సిన చోట 1000 వాట్లు వాడినా "హద్దులోనే" అని రాస్తారు. 3 ఎక్కువ చూపిస్తే సగం శక్తితో వాయించినవాడి సెట్టు కూడా ఠాణాకు ఎక్కిస్తారు.

క్యాలిబ్రేటర్ పట్టుకోలేని తప్పొకటుంది, అది మా పనివాళ్లకు బాగా తెలుసు. మీటరు మీద ఏ (A), సి (C) అని రెండు స్కేళ్లుంటాయి. నియమాల్లోని హద్దులన్నీ ఏ (A) స్కేలులో చెప్పినవే. 1000 హెర్ట్జ్ దగ్గర ఏ, సి రెండూ ఒకే అంకె చూపిస్తాయి. కాబట్టి మీట సి మీద ఉండిపోయినా క్యాలిబ్రేటర్ దగ్గర 94 చక్కగానే వస్తుంది. బయటికి వచ్చి డీజే బేసు కొలిస్తే తేడా బయటపడుతుంది. బేసు ఉండే 63 హెర్ట్జ్ దగ్గర ఏ (A) స్కేలు 26 డెసిబెళ్లు తగ్గించి లెక్కేస్తుంది, సి స్కేలు ఒక డెసిబెల్ కూడా తగ్గించదు. పొరపాటున సి మీద కొలిస్తే మైకుసెట్టు వాడికి అన్యాయం. ఏ (A) మీద సరిగ్గా కొలిస్తే, తలుపులు దడదడలాడుతున్నా, అటకమీద గిన్నెలు మోగుతున్నా అంకె మాత్రం బుద్ధిగా కనిపిస్తుంది. చట్టం ఏ (A) స్కేలు అంది కాబట్టి తీర్పు దాని మీదే ఇవ్వండి. పక్కన సి అంకె కూడా రాయమని మాత్రం అడుగుతున్నాను. రెండింటి మధ్య దూరం ఎక్కువుంటే బేసు ఎంత ఉందో ఆ కాగితమే చెబుతుంది.

అంకెలు గంతులేస్తుంటే ఒకటి ఏరుకోవడం కూడా కొలత కాదు. నియమాలు చెప్పేది ఎల్‌ఈక్యూ, అంటే ఆ సమయమంతటిలో శక్తి లెక్కన తీసిన సగటు. గంటలో 10 నిమిషాలు 90, మిగతా 50 నిమిషాలు 50 ఉందనుకోండి. బడి లెక్కలా సగటు తీస్తే 57 దగ్గర వస్తుంది. ఎల్‌ఈక్యూ 82. కాగితం మీద కలిపి భాగించే పని కాదు కాబట్టి ఎల్‌ఈక్యూ బొత్తాం ఉన్న మీటరే వాడాలి. నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో, వీలైతే స్టాండు మీద, గోడలకు మూడు నాలుగు మీటర్ల ఎడంగా పెట్టాలి. గోడకు దగ్గరగా పెడితే ప్రతిధ్వని కలిసి 3 దాకా ఎక్కువ చూపిస్తుంది. పట్టుకున్న మనిషి ఒళ్లు కూడా శబ్దాన్ని తిప్పికొడుతుంది. జీపు ఇంజను సంగతి వేరే చెప్పాలా?

సముద్రం ఒడ్డున గోపాలపూర్, ఛత్రపూర్ వైపు పనిచేసేవారికి ఒక మాట. ఏసీ బండిలోంచి తీసిన మైక్రోఫోను మీద ఉప్పుగాలి తేమ పడుతుంది. బయట కాసేపు ఉంచి, తర్వాత క్యాలిబ్రేట్ చేసి కొలవండి.

ఈ తప్పుడు కొలతల వల్ల ఎవరికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. పెళ్లి ముహూర్తాలూ పరీక్షలూ ఒకేసారి వస్తాయి. మాఘ ఫాల్గుణాలంటే ఇక్కడ మెట్రిక్, ప్లస్ టూ పిల్లలకు, నది అవతల ఆంధ్రాలో ఇంటర్మీడియట్ పిల్లలకు చదువుకునే రోజులు. మా వీధిలో ఒకమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని వంటింట్లో నేలమీద కూర్చుని చదివింది, వీధికి దూరంగా ఉన్న గది అదొక్కటే. బాలింతలు, గుండెజబ్బు వాళ్లు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. "హద్దులోనే ఉంది" అని రాసిన కాగితం వాళ్లందరి నోరూ మూయించింది. అంతకుముందు కనీసం అడిగే హక్కు ఉందనుకునేవారు.

2. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ ప్రభుత్వం ప్రకటించే కనీసం 100 మీటర్ల నిశ్శబ్ద మండలం ఎక్కడ మొదలవుతుందో చెప్పే బోర్డు చాలాచోట్ల లేదు. బోర్డు లేదు కాబట్టి ఊరేగింపు వాడికి తెలియదు, తెలియదు కాబట్టి వార్డు కిటికీ కిందే ఆగి రెండు పాటలు ఎక్కువ వేస్తాడు.

3. మైకుసెట్టు వాళ్లు. అప్పు చేసి బాక్సులు కొన్న కుర్రాళ్లు వీళ్లు. ఒక ఊళ్లో 80 ఉన్నా వదిలేస్తారు, పక్క ఊళ్లో 66 అని సెట్టు పట్టుకుంటారు. ఏ మీటరు నిజం చెబుతోందో ఎవరికీ తెలియదు. "మీటరు ఎప్పుడు సరిచూశారు" అని అడిగే ధైర్యం వాళ్లకు లేదు, రేపు మళ్లీ అనుమతికి అక్కడికే వెళ్లాలి. హద్దు ఇదని ముందే తెలిసి, కొలత నమ్మదగ్గదైతే, ఆంప్లిఫయర్ నాబ్ దగ్గర గీత గీసుకుని అంతకు మించకుండా వాయించుకుంటారు. ఆ గీత గీసిపెట్టమని నన్ను అడిగినవాళ్లున్నారు. మీ మీటరు ఏం చూపిస్తుందో తెలియకుండా ఏమని గీయను?

4. బాక్సుల పక్కనే నిలబడే కుర్రాళ్ల చెవులు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ అందులో సగం. 100 దగ్గర 15 నిమిషాలే. మా వాళ్లు అక్కడే తెల్లారేదాకా ఉంటారు. నా దగ్గరికి రిపేరుకు వచ్చే పాతికేళ్ల కుర్రాడితో నేను గట్టిగా అరిచి మాట్లాడాల్సి వస్తోంది.

5. ఇరుగుపొరుగు తగవులు. అధికారి కొలత మీద నమ్మకం లేనప్పుడు జనం సెల్‌ఫోన్ యాప్‌లు తీసి, "నా దాంట్లో 96" "నా దాంట్లో 83" అని పెళ్లివారితో కలబడుతున్నారు. ఫోన్ మైకు మాట కోసం చేసింది, పెద్ద మోతల దగ్గర అంకె తొక్కిపట్టేస్తుంది, ఫోన్ ఫోన్‌కూ తేడా ఉంటుంది. మా వీధివాళ్లకూ ఇదే చెప్పాను: అది చూసి ఫిర్యాదు చేయండి, సాక్ష్యంగా పట్టుకుని పోట్లాడకండి.

6. సరిహద్దు చిక్కు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది కానీ వియ్యాలు పాతపట్నం, టెక్కలి, ఇచ్ఛాపురంతోనే సాగుతున్నాయి. బాక్సులూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వస్తాయి. బండి మీద ఆంధ్రా నంబరు ఉంటే ఇక్కడ "వాళ్ల ఠాణా చూసుకోవాలి" అంటారు, అవతలికి వెళ్తే "మోగింది ఒడిశాలో కదా" అంటారు. ఈ నియమాలు కేంద్రానివి, రెండు పక్కలా ఒకటే. మోగిన చోటి అధికారిదే బాధ్యత.

మా డిమాండ్లు ఇవి:

ఒకటి. ప్రతి మీటరుకూ ఒక క్యాలిబ్రేటర్ జతగా ఇవ్వాలి. కొలతకు ముందూ తరవాతా, ఫిర్యాదుదారు, మైకుసెట్టు యజమాని ఇద్దరి ఎదుటా పరీక్ష చేసి, ఆ రెండు అంకెలూ నివేదికలో రాయాలి. మిగతావన్నీ ఆలస్యమైనా సరే, ఈ ఒక్కటి వెంటనే మొదలుపెట్టాలి.

రెండు. మీటరునూ క్యాలిబ్రేటర్‌నూ ఏటా ఎన్‌ఏబీఎల్ (లాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న లాబుకు పంపాలి. క్యాలిబ్రేటర్ ఒక్క స్వరాన్నే పరీక్షిస్తుంది, బేసు దగ్గర మీటరు సరిగ్గా ఉందో లేదో లాబు మాత్రమే చెప్పగలదు. ఆ సర్టిఫికెట్ నకలు ఠాణా నోటీసు బోర్డు మీద పెట్టాలి. గడువు దాటిన మీటరుతో తీసిన కొలతను ఎవరి మీదా వాడకూడదు, మా వైపు అనుకూలంగా వచ్చినా సరే.

మూడు. కొత్తగా కొనేవి ఐఈసీ 61672 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 1 లేదా క్లాస్ 2 (కచ్చితత్వపు తరగతి) అని పలక మీద రాసి ఉన్నవై ఉండాలి. ఎల్‌ఈక్యూ తప్పనిసరి.

నాలుగు. నివేదిక ఫారం ఒకటి అచ్చు వేయించండి. స్థలం, సమయం, కొలిచిన స్కేలు (A లేదా C), ఎన్ని నిమిషాలు, ఎంత దూరం, మైకు ఆపించి కొలిచిన నేపథ్య శబ్దం ఎంత, ఈ గళ్లు ఉండాలి. నేపథ్యం ఎందుకంటే, మొత్తం 68 చూపించి, మైకు ఆపినా 65 ఉంటే, మైకు వాటా 65 మాత్రమే. లారీల మోత మైకువాడి నెత్తిన పడకూడదు. ఫారం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తపించిన ఊరిది. సవర పల్లెల్లో అది చదివి వినిపించే మనిషి ఉంటే ఇంకా మంచిది.

ఐదు. ఏ వీధి నివాస ప్రాంతం, ఏది వ్యాపార ప్రాంతం, ఎక్కడ నిశ్శబ్ద మండలం అన్న జాబితా ప్రకటించి, మైకు అనుమతి కాగితం మీదే ఆ చోటికి వర్తించే అంకె రాయాలి. "నియమాల ప్రకారం" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

ఆరు. రాత్రి 10 దాటిన ఫిర్యాదుకు మీటరు కోసం ఆగకుండా వెళ్లి ఆపించాలి.

ఏడు. మా పాత ఫిర్యాదును తిరిగి తెరవాలి. కొత్తగా కొలవక్కర్లేదు. పుస్తకంలో ఉన్న 71ని నివాస ప్రాంతపు 65 పక్కన పెట్టి చూసి, రాతపూర్వకంగా జవాబివ్వండి.

నా దుకాణంలో ఒక క్యాలిబ్రేటర్ ఉంది, దాని సర్టిఫికెట్ గడువులోనే ఉంది. ఏ ఠాణా పిలిచినా తెచ్చి, మీ మీటరు మీద పెట్టి, ఏ అంకె వస్తుందో మీ సిబ్బందికి చూపిస్తాను. డబ్బులేమీ వద్దు. అయితే అది లాబు పరీక్షకు బదులు కాదని ముందే చెబుతున్నాను.

ఇట్లు,
సౌండు సామాన్లు బాగుచేసే ఒక మెకానిక్కు,
వీధివాసుల తరఫున,
గజపతి జిల్లా